పిల్లవాడి మామూలు ఎవరికి తెలుసు?

మెదడువాపు కేసులను గుర్తించడానికి ఆరోగ్య సిబ్బందికి ఒక నిర్వచనం ఇస్తారు. ఏ వయసువారికైనా, ఏడాదిలో ఏ కాలంలోనైనా, ఉన్నట్టుండి జ్వరం వచ్చి, దానికి తోడు తెలివిలో మార్పు గానీ కొత్తగా ఫిట్స్ గానీ కనిపిస్తే అనుమానిత కేసుగా నమోదు చేయాలి. తెలివిలో మార్పు అంటే అయోమయం, తానెక్కడ ఉన్నదీ తెలియకపోవడం, మాట్లాడలేకపోవడం, స్పృహ తప్పడం. జ్వరం పెరిగినప్పుడు చిన్నపిల్లలకు వచ్చిపోయే సాధారణ ఫిట్స్‌ను ఇందులో కలపకూడదు. ఇంతవరకు డాక్టరు చూసి తేల్చగలిగినవే. ఆ తర్వాత ఇంకొక మాట ఉంది: మామూలు జ్వరంలో ఉండే దానికంటే ఎక్కువ చిరాకు, ఎక్కువ మగత, తీరు తప్పిన ప్రవర్తన తొలి దశలో కనిపించవచ్చు. మా వీధిలో ఉండే ఏఎన్‌ఎం తన శిక్షణ కాగితాలు చూపించినప్పుడు నేను ఈ మాటను మళ్లీ మళ్లీ చదివాను.

మామూలు కంటే ఎక్కువ అని ఎవరు చెప్పాలి? థర్మామీటరు చెప్పదు. రక్తపరీక్ష చెప్పదు. డాక్టరు ఆ పిల్లవాణ్ణి జీవితంలో మొదటిసారి చూస్తున్నాడు. వాడికి పోయిన సంవత్సరం జ్వరం వచ్చినప్పుడు ఎలా పడుకున్నాడో, ఎంత మారాం చేశాడో, నిద్రలేపితే ఏమన్నాడో తెలిసిన మనిషి ఇంట్లో ఉంది. తల్లి కావచ్చు, అవ్వ కావచ్చు, వాణ్ణి చంకనేసుకుని తిరిగే అక్క కావచ్చు. అంటే ఈ జబ్బును అందరికంటే ముందు పట్టుకోగల లక్షణాన్ని చూసే బాధ్యత నిర్వచనమే ఇంటివాళ్ల చేతిలో పెట్టింది. పెట్టి, ఆ సంగతి వాళ్లకు చెప్పడం మరచిపోయింది. వాళ్లు చూసింది వచ్చి చెప్పినా రాసుకునే చోటు లేదు.

నేను వాదించదలచుకున్నది ఇదే. మెదడువాపు ప్రబలిన కాలంలో ఇంటివాళ్లు గమనించిన మార్పును కబురులా వినేసి వదలకూడదు. నాడి ఎంతో, జ్వరం ఎంతో రాసినట్టే, ఏ వేళకు ఏం చూశారో రాయాలి.

పోస్టరు మీద లేనిది

నెల్లూరు జిల్లాలో వానలంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఈశాన్య రుతుపవనాలు దిగి, సోమశిల నీళ్లు వదిలి, కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు నాట్లు మొదలయ్యేసరికి ఎటు చూసినా నిలిచిన నీరే. మెదడువాపు తెచ్చే జబ్బుల్లో ఒకటైన జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను మోసే క్యూలెక్స్ దోమకు వరిమడి పుట్టిల్లు. కొంగల నుంచి, పందుల నుంచి అది వైరస్‌ను తెచ్చుకుంటుంది. పొద్దుగూకే వేళ నుంచి తెల్లవారే దాకా కుడుతుంది. ఇవన్నీ మనకు తెలిసినవే. ఎక్కడైనా ఒక కేసు అనుమానించారన్న వార్త రాగానే పందులను ఊరవతలికి తోలడం, పొగ వదలడం, గోడల మీద దోమ బొమ్మ అంటించడం చూస్తూనే ఉన్నాం. అవి అవసరమైన పనులు, కాదనను.

ఆ పోస్టరులో లక్షణాలు అన్నచోట ఉండేవి మాత్రం తీవ్ర జ్వరం, తలనొప్పి, వాంతులు. ఈ మూడూ డెంగీలో ఉంటాయి, మలేరియాలో ఉంటాయి, టైఫాయిడ్‌లో ఉంటాయి, ఏమీ కాని జ్వరంలోనూ ఉంటాయి. వానల్లో మా వైపు ప్రతి ఇంట్లోనూ ఈ మూడూ ఉన్న పిల్లవాడు ఒకడు పడుకునే ఉంటాడు. పోస్టరు చదివిన తల్లి ఏం చేయాలి? రోజూ భయపడాలి, లేదా ఎప్పుడూ భయపడకూడదు.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్ సోకినవారిలో ఎక్కువమందికి ఏమీ కాదు. దాదాపు 250 మందిలో ఒకరికి జబ్బు మెదడుకు ఎక్కుతుంది. దోమ కుట్టిన 4 నుంచి 14 రోజుల తర్వాత మొదలవుతుంది. మొదట రెండు మూడు రోజులు ఏ జ్వరంలోనైనా ఉండేవే. అసలు కథ ఆ తర్వాత నడుస్తుంది. మెడ వంచితే బిగుసుకుంటుంది. మనిషి మగతలోకి జారతాడు, లేపితే లేచి పొంతనలేని మాటలు మాట్లాడతాడు. పిల్లల్లో ఫిట్స్ ఎక్కువ. కొందరిలో ముఖం కదలికలు పోయి బొమ్మ ముఖంలా అవుతుంది, చేతులు వణుకుతాయి, ఒళ్లు కొయ్యబారుతుంది, పెద్దవయసులో పార్కిన్సన్ జబ్బు వచ్చినవారిలా ఉంటారు. కొందరిలో పోలియోలా ఒక కాలో చెయ్యో ఉన్నట్టుండి పడిపోతుంది. జబ్బు ముదిరినవారిలో 30 శాతం వరకు చనిపోతారు. బతికినవారిలో 30 నుంచి 50 శాతం మందికి ఏదో ఒక లోపం మిగిలిపోతుంది.

జ్వరానికీ ఫిట్స్‌కూ మధ్య ఉన్న ఆ సందే నన్ను ఆలోచింపజేసేది. కొందరిలో అది ఒక పూట ఉంటుంది, కొందరిలో ఒక రోజు. పిల్లవాడు నడుస్తాడు, తింటాడు, కానీ ఏదో తేడాగా ఉంటాడు. ఆసుపత్రికి ఆ పూట గురించి ఏమీ తెలియదు. ఇంటికి తెలుసు.

పిన్నమ్మ చూసింది

విడవలూరు వైపు ఊళ్లో మా పిన్నమ్మ మనవడికి నాట్ల కాలంలో జ్వరం వచ్చింది. ఏడేళ్లవాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేశాడు, జ్వరం తగ్గింది, మళ్లీ వచ్చింది. రెండోనాడు పొద్దున పిన్నమ్మ పాలగ్లాసు ఇచ్చింది. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తూ కూర్చున్నాడట. తాగలేదు, వద్దనలేదు, కింద పెట్టలేదు. "తాగు నాయనా" అంటే గ్లాసు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. దానితో ఏం చేయాలో తెలియనట్టు. ఆవిడే గ్లాసు నోటికి అందిస్తే తాగాడు. మధ్యాహ్నం నిద్రలో లేచి గోడ వైపు తిరిగి చొక్కా బొత్తాలు తీయడం, పెట్టడం, మళ్లీ తీయడం చేశాడు. "వీడు వీడిలా లేడు" అని పిన్నమ్మ కోడలితో అంది, పక్కింటివాళ్లతో అంది, సాయంత్రం మళ్లీ వచ్చిన ఆర్‌ఎంపీతోనూ అంది. "జ్వరం కదమ్మా, నీరసం" అన్నాడాయన. రాత్రి ఫిట్స్ వచ్చాయి. 108లో తీసుకెళ్లారు.

తర్వాత కొన్నాళ్లకు ఆ కేసు షీటు నకలు నా చేతికి వచ్చింది. జ్వరం, వాంతులు, ఈ రాత్రి ఒకసారి ఫిట్స్, వచ్చేసరికి స్పృహ లేదు అని ఉంది. అందులో రాసినవన్నీ నిజమే. పాలగ్లాసు లేదు, చొక్కా బొత్తాలు లేవు. ఆ కాగితం ప్రకారం వాడి మెదడుకు జబ్బు రాత్రి తగిలింది. పిన్నమ్మ లెక్క ప్రకారం పొద్దునే తగిలింది. చెప్పడానికి ఆవిడ ఆసుపత్రికి వెళ్లింది కూడా. "అవ్వా, మీరు బయట కూర్చోండి, తండ్రిని పిలవండి" అన్నారు. తండ్రి ఆ రోజంతా ట్రాక్టరు మీద ఉన్నాడు, ఇంటికి వచ్చేసరికి పిల్లవాడు పడుకుని ఉన్నాడు. ఆయనను అడిగితే జ్వరం, వాంతులు, ఫిట్స్ అన్నాడు. తాను చూసిందే చెప్పాడు.

ఆ పూట ముందుగా తీసుకెళ్లి ఉంటే అంతా వేరుగా ఉండేదా? నాకు తెలిసిన డాక్టర్లలో ఎవరూ అవునని ఖాయంగా చెప్పలేదు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ లేదు. ఫిట్స్ ఆపడం, మెదడు వాపు తగ్గించడం, ఊపిరి అందేలా చూడడం, ఒంట్లో నీరు, చక్కెర సరిగా ఉంచడం, ఇదే వైద్యం. పైగా వాడి వెన్నునీటి పరీక్షలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ తేలలేదు. ఏ వైరసో ఇప్పటికీ తెలియదు. దేశంలో మెదడువాపు లక్షణాలతో చేరే చాలామంది విషయంలో కారణం పేరు దొరకకుండానే కేసు ముగుస్తుంది.

అయినా నా వాదన నిలుస్తుందనే అనుకుంటున్నాను. ఇవే లక్షణాలతో వచ్చే జబ్బుల్లో మందు ఉన్నవీ ఉన్నాయి. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపుకు అసైక్లోవిర్ ఉంది, అది ఎంత ముందు పడితే అంత మేలు. గోరఖ్‌పూర్ ప్రాంతంలో ఏళ్ల తరబడి మెదడువాపు అంటూ పిల్లలు పోయారు. వారిలో చాలామందికి స్క్రబ్ టైఫస్ కారణమని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అది వైరస్ కానే కాదు, చిన్న నల్లి లాంటి పురుగు కాటుతో వచ్చే బాక్టీరియా జ్వరం. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటి సాధారణ మందులకు లొంగుతుంది. మెదడు మలేరియాకు మందు ఉంది. పిల్లవాడి తీరు మారిన పూటే ఆసుపత్రి గుమ్మం తొక్కితే, జబ్బు వీటిలో ఏదో ఒకటైనప్పుడు వేళకు మందు అందే అవకాశం వాడికి మిగిలి ఉంటుంది.

భయం పెంచినట్టు కాదా?

ఒంగోలులో పిల్లల డాక్టరుగా ఉన్న నా స్నేహితురాలితో ఇదంతా చెబితే ఆమెకు నచ్చలేదు. "నువ్వు ఈ మాట రాస్తే రేపు కనిగిరి నుంచి, పొదిలి నుంచి జ్వరం వచ్చిన ప్రతి పిల్లవాణ్ణీ తీసుకొచ్చి మా వాడు మావాడిలా లేడంటారు. ఉన్న మంచాలు ఎన్ని? నిజంగా ప్రాణం మీదకు వచ్చిన బిడ్డకు చోటు ఎక్కడ?" అంది. జ్వరంలో పిల్లలందరూ మగతగానే ఉంటారు, కలవరిస్తారు కూడా. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంతో ఒక్కసారైనా ఫిట్స్ వస్తాయి, అవి దాదాపు అందరిలో ఏ హానీ చేయకుండా పోతాయి. వానాకాలంలో ఆమె ఓపీ ముందు వరస నేను కళ్లారా చూశాను. ఆమె మాటను కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు.

కానీ ఆమె చెప్పిన భయం అస్పష్టమైన ప్రచారం నుంచి పుట్టేది. "జ్వరం, తలనొప్పి, వాంతులు ఉంటే వెంటనే రండి" అని రాసిన పోస్టరు ఆమె ఓపీని ఎక్కువ నింపుతుంది. మామూలు జ్వరంలో పారాసిటమాల్ పడి ఒళ్లు చల్లబడగానే పిల్లలు కళ్లు తెరుస్తారు, నీళ్లడుగుతారు, చెల్లెలి చేతిలో బొమ్మ లాక్కుంటారు. జ్వరం దిగినా తేరుకోని పిల్లవాడు వేరు. పేరు పెట్టి పిలిస్తే పలకడు, అమ్మను గుర్తుపట్టడు, రోజూ చేసే పని మరచిపోతాడు, లేపినా లేవడు. చంటిబిడ్డ అయితే పాలు పట్టదు, గొంతు చించుకుని వేరే తీరుగా ఏడుస్తుంది, మాడు ఉబ్బుతుంది. ఈ తేడా చెబితే తల్లులకు అర్థం కాదా? మెడిసిన్ చదవనక్కరలేదు. చెప్పే ఓపిక ఉండాలి. ఫిట్స్ వస్తే మాత్రం ఏ రకమో ఇంట్లో తేల్చుకునే పని పెట్టుకోకూడదు. ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇదంతా విని నా స్నేహితురాలు ఒక మెట్టు దిగింది. "తేడా చెప్పు, కానీ కాలం కూడా రాసి తెమ్మను. ఎప్పటి నుంచి బాగాలేదు అంటే రెండు రోజుల నుంచి అంటారు. ఏది రెండు రోజుల నుంచి? జ్వరమా, మగతా, వాంతా? అన్నీ కలిపి చెబితే నాకు ఉపయోగం లేదు" అంది. ఈ మాట నా వాదనకు ఎదురు కాదు, దానికి కావలసిన మిగతా సగం.

పేరుకంటే ముందు వచ్చేది

"ఇవన్నీ ఎందుకు, పరీక్ష చేస్తే తేలిపోతుంది కదా" అనేవారు ఉన్నారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను తేల్చే ఐజీఎం (వైరస్‌కు ఎదురుగా ఒంట్లో పుట్టే యాంటీబాడీని వెతికే) పరీక్ష వెన్నునీటిలోనైనా జబ్బు మొదలైన నాలుగైదు రోజులకు గానీ నమ్మకంగా పలకదు, రక్తంలో ఇంకా ఆలస్యం. వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న భయంతో ఒప్పుకోని కుటుంబాలు మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నో. ఆ భయం తప్పు, కానీ ఆ సంతకం కోసం గంటలు గడిచిపోవడం నిజం.

2003 వేసవి చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది గుర్తు చేసుకోండి. జూన్ నుంచి ఆగస్టు మధ్య 329 మంది పిల్లలు జబ్బుపడ్డారు, వారిలో 183 మంది చనిపోయారు. హఠాత్తుగా జ్వరం, వాంతులు, ఫిట్స్, కోమా, చాలామందిలో ఒకటి రెండు రోజుల్లోనే మరణం. అందరూ 14 ఏళ్ల లోపువారు. పుణెలోని వైరస్ పరిశోధన సంస్థ అది చండీపురా వైరస్ అని తేల్చింది. 1965లో నాగపూర్ దగ్గర చండీపురాలో జ్వరం వచ్చినవారి రక్తంలో మొదట దొరికిన వైరస్ అది, ఇసుక ఈగల ద్వారా వస్తుంది. హైదరాబాద్ పిల్లల వైద్యుల్లో కొందరు ఒప్పుకోలేదు. లక్షణాలు చూస్తే ఇది మెదడు రక్తనాళాలకు తగిలిన దెబ్బలా ఉందని, వైరస్ ఒక్కదాని మీద పెట్టలేమని వాదించారు. ఎవరిది సరైన వాదన అన్నది పక్కన పెడితే, ఆ వాదన మొత్తం నిలబడింది లక్షణాల వరస మీదే. ఏది ముందు వచ్చింది, ఎంత సేపట్లో, ఏ వైపు చెయ్యి పడిపోయింది? అంత వేగంగా పోయే జబ్బులో పరీక్ష ఫలితం వచ్చేసరికి పిల్లవాడు ఉండడు. ఇంట్లోవాళ్లు చూసిన మొదటి కొన్ని గంటలే ఆ జబ్బు చరిత్రలో సగం.

మలేసియాది ఇంకా పెద్ద పాఠం. 1998 చివర్లో ఇపో పట్టణం దగ్గర పందులు పెంచేవాళ్లు జ్వరంతో, మెదడువాపుతో పడిపోవడం మొదలైంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. పందులు ఉన్నాయి, దోమలు ఉన్నాయి, నమ్మడం తేలిక. పొగ వదిలారు, టీకాలు వేశారు. అయినా చావులు ఆగలేదు. జబ్బుపడుతున్నది ఎక్కువగా పిల్లలు కాదు, పందులను చేత్తో పట్టే పెద్దవాళ్లు. టీకా వేయించుకున్నవాళ్లూ పడిపోతున్నారు. పందులు కూడా దగ్గుతూ చస్తున్నాయి. ఈ మూడు సంగతులూ రైతులకు ముందే తెలుసు. 1999 మార్చిలో డాక్టర్ చువా కా బింగ్ కొత్త వైరస్‌ను పట్టుకునేదాకా జబ్బు పాత పేరుతోనే నడిచింది. మలేసియాలో 265 కేసులు, 105 మరణాలు. సుంగై నిపా అనే ఊరి పేరు మీద దానికి నిపా అని పెట్టారు.

2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో అదే నిపా 66 మందికి సోకి 45 మందిని తీసుకుపోయింది. అప్పుడు ఎవరికీ దాని పేరు తెలియదు, దాచిన నమూనాలు పరీక్షిస్తే సంవత్సరాల తర్వాత తేలింది. 2018 మే నెలలో కోళికోడ్‌లో మాత్రం రోజుల్లోనే పట్టుకున్నారు. ఒక కుటుంబంలో ఒకరు చనిపోయిన కొన్నాళ్లకే అతని అన్న మెదడువాపుతో ఆసుపత్రికి వచ్చాడు. ఇంట్లో ఇంకొందరికీ అదే. డాక్టర్లు ఆ సంగతి అడిగారు, విన్నారు, గుండె అదుపు తప్పి కొట్టుకోవడం, రక్తపోటు విపరీతంగా పెరగడం, కండరాలు ఉన్నచోటే ఎగిరిపడడం చూసి మలేసియాలో రాసిపెట్టిన లక్షణాలను గుర్తు చేసుకున్నారు. నమూనా మణిపాల్‌లోని వైరస్ పరిశోధన కేంద్రానికి వెళ్లింది. ఆ విడతలో 17 మంది పోయారు. అంత త్వరగా పట్టుకోకపోతే ఎంతమంది పోయేవారో ఊహించడానికి నాకు ధైర్యం చాలదు. "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అన్న ఒక్క ప్రశ్నకు పనికిరాని సమాధానం అంటూ ఉండదు.

బిహార్‌లోని ముజఫర్‌పూర్ సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ ఒప్పించింది. అక్కడ ఏటా వేసవిలో పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్‌తో స్పృహ తప్పేవారు. మెదడువాపు అన్నారు, వైరస్ కోసం వెతికారు. 2014లో తల్లులను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగితే, ఆ పిల్లలు లీచీ పండ్లు తిన్నారని, చాలామంది ముందు రాత్రి అన్నం తినకుండా పడుకున్నారని తేలింది. లీచీలోని రసాయనాలు ఖాళీ కడుపుతో ఉన్న బిడ్డ రక్తంలో చక్కెర పడిపోయేలా చేస్తున్నాయి. చక్కెర వెంటనే ఎక్కిస్తే బతకడానికి అవకాశం. రాత్రి అన్నం తిన్నాడా లేదా అన్నది ఏ సూక్ష్మదర్శినిలోనూ కనిపించదు.

2020 డిసెంబరులో మన ఏలూరులో వందలమంది ఫిట్స్‌తో పడిపోయినప్పుడు కూడా మొదట మెదడువాపు భయమే. ఎక్కువమంది కొద్దిసేపటికే లేచి కూర్చోవడం, జ్వరం ప్రధానం కాకపోవడం చూసి దారి మార్చారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో కనిపించింది.

గాలి సోకిందన్నవాళ్ల గురించి

మెదడువాపు వచ్చిన పిల్లవాణ్ణి చూసి గాలి సోకిందని, దిష్టి తగిలిందని అంత్రం కట్టించిన కుటుంబాలను తిట్టడం చదువుకున్నవాళ్లకు అలవాటైపోయింది. పోయిన గంటలు ప్రాణం ఖరీదు చేస్తాయి కాబట్టి కోపం రావడం న్యాయమే. నాకూ వస్తుంది. అయినా ఒక్కసారి వాళ్లు ఏం చూశారో చూడండి. నిన్నటిదాకా మాట్లాడిన పిల్లవాడు ముఖం బిగించి, పళ్లు కొరికి, చేతులు మెలితిప్పి, తనకే తెలియని మాటలు అంటున్నాడు. తల్లిని తోసేస్తున్నాడు. "వీడు వీడు కాదు, వీడిలో ఇంకెవరో ఉన్నారు" అంటున్న ఆ అవ్వ, మెదడు దెబ్బతింటున్న లక్షణాన్ని సూటిగా, ఆలస్యం లేకుండా పట్టుకుంది. ఆవిడ చూపు తప్పు కాదు. పెట్టిన పేరు, వెళ్లిన దారి తప్పు.

ఆర్‌ఎంపీ చూసి నీరసం అన్నాడు. అవ్వ చూసి మనిషి మారిపోయాడంది. ఈ ఇద్దరిలో నిర్వచనానికి దగ్గరగా ఉన్నది ఎవరు? ఆరోగ్య శాఖ ఆ అవ్వను మూఢురాలిగా కాకుండా తన మొదటి సాక్షిగా చూసి ఉంటే, "గాలి సోకినట్టు కనిపించిన బిడ్డను ముందు పీహెచ్‌సీకి తీసుకురండి, ఆ తర్వాత మీ ఇష్టం" అని ఊరి భాషలో చెప్పి ఉంటే, ఎక్కువమంది వచ్చేవారని నా నమ్మకం. నమ్మకం మాత్రమే, లెక్క చూపలేను. పూజకు అడ్డు చెప్పకుండా ఆసుపత్రిని ముందు పెట్టిన ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు మా వైపు ఉన్నారు. వాళ్ల మాట వినేవారు ఎక్కువ. మా ఏఎన్‌ఎం అయితే "టీచరమ్మా, తాయెత్తు తీసెయ్యమని నేను ఏనాడూ అనలేదు, కట్టుకునే రమ్మంటాను" అంటుంది.

ఇంటికి వచ్చాక

పిన్నమ్మ మనవడు బతికాడు. ఎడమ చేతి పట్టు తగ్గింది, బలపం జారిపోతుంది. ఇదివరకు లేని కోపం వచ్చింది, ఉన్నట్టుండి ఏడుస్తాడు, చెప్పిన పాఠం మరునాటికి నిలవదు. బడిలో వాడికి చదువు మీద శ్రద్ధ లేదని రాశారు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు ఉన్నాయి గానీ, ఇంట్లో ఇంకా ఏమేం గమనించాలో, బడికి ఏం చెప్పాలో ఒక్క ముక్క లేదు. నేను బడిలో పనిచేసినదాన్ని కాబట్టి ఇది ఎంత నష్టమో చెప్పగలను. తరగతిలో మందకొడి, మొండి అని పేరుపడిన పిల్లల్లో ఎవరికి ఏ జ్వరం ఏం చేసి పోయిందో మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడిగే ఏర్పాటు లేదు. మలేసియాలో నిపా నుంచి కోలుకున్నవారిలో కొందరికి నెలల తర్వాత, సంవత్సరాల తర్వాత కూడా మెదడువాపు తిరగబెట్టింది. జబ్బు డిశ్చార్జితో ముగియదు, కాబట్టి ఇంటివాళ్ల సాక్ష్యమూ అక్కడితో ముగియదు.

ఇంతకీ నేను అడిగేది పెద్ద ఖర్చు ఉన్నది కాదు. ఓపీ చీటీలో, కేసు షీటులో ఒక గడి: ఇంటివాళ్లు గమనించిన మార్పు, ఎవరు చూశారు, ఏ వేళకు. దానికి ఎదురయ్యే చిక్కు కూడా నాకు తెలుసు. చూసిన మనిషి చాలాసార్లు ఆసుపత్రికి రాదు. 108లో పట్టేది ఒకరిద్దరు. తండ్రి ఎక్కుతాడు, మేనమామ ఎక్కుతాడు, అవ్వ గుమ్మం దగ్గర మిగిలిపోతుంది. అలాంటప్పుడు ఫోనులో ఆవిడను పలకరించడానికి ఎంత సమయం పడుతుంది? నా డాక్టరు స్నేహితురాలు ఇప్పుడు అడుగుతోంది. "పగలంతా వీడి దగ్గర ఉన్నది ఎవరు, ఒకసారి కలపండి" అంటుందట.

నాట్లకు పడమటి ప్రకాశం నుంచి వచ్చి గట్ల మీద గుడిసెలు వేసుకునే కుటుంబాల్లో అవ్వ కూడా ఉండదు. తల్లీ తండ్రీ మడిలో ఉంటారు. జ్వరంతో ఉన్న చిన్నవాడి పక్కన కూర్చునేది ఎనిమిదేళ్ల అక్క. పొలాల మధ్య, దోమల మధ్య, అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఆ పిల్లలే, వాళ్ల తరఫున చెప్పగలిగింది ఆ అక్క ఒక్కతే. ఇంటింటికీ జ్వరాల సర్వే చేసే ఆశా కార్యకర్త ఆ గుడిసె దగ్గర పెద్దవాళ్లు లేరని తిరిగి వెళ్లకూడదు. తమ్ముడు ఇవాళ నిన్ను పేరుతో పిలిచాడా, ఇచ్చింది తిన్నాడా, లేపితే లేచాడా అని ఆ పిల్లకు అర్థమయ్యే మాటల్లో అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయాలి. సర్వే ఫారంలో అందుకు చోటు ఈ అక్టోబరు వానలకు ముందే కల్పించాలని మా జిల్లా వైద్య ఆరోగ్య అధికారులను, పక్క ప్రకాశం జిల్లా వారిని అడుగుతున్నాను.